జాలి ఉంచుకొని కొట్టున్రి

ఒక ఇంటి గుణం తెలియాలంటే అందులో కాపురం చేసి చూడాలంటారు పెద్దలు. నేను ఒప్పుకోను. కాపురం చేసినవాళ్లకు ఏ గదిలో ఉక్క, ఏ మూల చెదలు, ఇంతకంటే తెలియదు. ఇంటి అసలు గుణం దాన్ని పగలగొట్టేవాడికి తెలుస్తుంది. జహీరాబాద్‌లోనూ, ఇటు కోహీర్, అటు న్యాల్‌కల్ దాకానూ పాతికేళ్లుగా పాత ఇళ్లు కూల్చడమే నా పని. సమ్మెట దెబ్బకు గోడ పలికే తీరు వింటే చాలు, కట్టినవాడు దొంగో దొరో చెప్పేస్తాను.

నాకు కోపం ఎక్కువ. దాచుకోవడానికి ఏమీ లేదు, ఊరందరికీ తెలుసు. బడిలో ఉన్నప్పుడే పలకతో ఒకడి తల పగలగొట్టాను. "నీకు నోటికన్న ముందుగాల చెయ్యి లేస్తదిరా" అని మా అమ్మ తల బాదుకునేది. ఈ పనిలోకి వచ్చాక ఆ చేతికి ఒక దారి దొరికింది. పొద్దున్నే గోడ మీద నాలుగు దెబ్బలు గట్టిగా వేస్తే సాయంత్రం దాకా మనుషుల జోలికి పోకుండా ఉండగలిగేవాణ్ణి. అన్ని రోజులూ కాదు.

మా ఊళ్లో అరవై ఏళ్ల కిందట కట్టిన నాలుగు ఇళ్లు ఉండేవి. నాలుగింటినీ గీసింది ఒక్కడే. హైదరాబాద్ నుంచి బస్సులో, చంకలో కాగితాల చుట్టతో దిగేవాడట. ఇంటి ప్లానును మా దగ్గర నక్షా అంటారు కనుక ఆయన నక్షా సాబ్ అయ్యాడు. అప్పటిదాకా ఇక్కడ ఇల్లంటే ఎర్రరాతి గోడలు, మట్టి మిద్దె, చెక్కిన దర్వాజా. నక్షా సాబ్ చెక్కుళ్లన్నీ ఊడబెరికాడు. గీత గీసినట్టుండే స్లాబు, ఒక కొసన గుండ్రంగా తిరిగిపోయే గోడ, కిటికీల మీద ఎండావానా ఆపడానికి ఇంటి పొడవునా ఒకే పట్టీలా ఛజ్జా, వరండాకు సిమెంటు జాలి. వాటిని చూసి ఊరు నవ్వింది. 'డబ్బా ఇండ్లు' అని పేరు పెట్టింది.

జాలి అంటే గాలీ వెలుతురూ వచ్చేలా చిల్లులు చిల్లులుగా పోతపోసిన సిమెంటు అల్లిక. మనుషులకు ఉండాల్సిన రెండో జాలి వేరు. అది నా దగ్గర తక్కువ. ఈ రెండు మాటలూ ఒకేలా వినబడతాయన్న సంగతి నాకు అప్పట్లో తట్టలేదు.

మొదటి ఇల్లు అల్లం వ్యాపారం చేసినవాళ్లది. మూడు రోజుల్లో నేలమట్టం చేస్తానని మాటిచ్చాను. పదకొండు రోజులు పట్టింది. సమ్మెట వేస్తే స్లాబు ఇనుప కడాయిలా మోగింది గాని పగల్లేదు. నాలుగు పిడులు విరిగాయి. ఒక పెచ్చు ఎగిరి నా కనుబొమ్మను చీల్చింది, ఆ మచ్చ ఇంకా ఉంది. నక్షా సాబ్‌ను, ఆయన తల్లిని, ఆయన బడిని వరసపెట్టి తిట్టాను. ఐదో రోజు ఒక దూలం విరగ్గొట్టి లోపల చూస్తే ఇనుప సలాకలు దువ్వెన పళ్లలా వరసగా ఉన్నాయి. ప్రతి కలయిక దగ్గరా తీగ చుట్టి ముడివేసి ఉంది. ఒక్క ముడి కూడా వదిలేయలేదు. ఎవరూ చూడని చోట, సిమెంటు కడుపులో, ఇంత శుభ్రం ఎందుకు? నా పెళ్లి పందిరిని కూడా ఎవడూ ఇంత శ్రద్ధగా కట్టలేదు. ఆ రోజు నుంచి తిట్టడం ఆపేశాను.

అప్పుడే కళ్లు తెరిచి చూడటం మొదలుపెట్టాను. ఛజ్జా అడుగున, అంచుకు కాస్త ఇవతల, వేలు పట్టేంత గాడి ఒకటి ఈ చివర నుంచి ఆ చివరకు ఉంది. అదెందుకో రెండు రోజులు తెలియలేదు. వాన పడ్డాక తెలిసింది. ఛజ్జా మీద నుంచి జారిన నీళ్లు అడుగుగుండా గోడ వైపు పాకబోయి, ఆ గాడి దగ్గర ఆగి, బొట్లు బొట్లుగా కింద పడుతున్నాయి. అందుకే యాభై ఏళ్లయినా గోడ మీద ఒక్క మరక లేదు. ఇప్పుడు కోట్లు పోసి కట్టే ఇళ్లు రెండు వానాకాలాలకే ఏడ్చిన మొహాల్లా చారలు కడుతున్నాయి. ఒక్క వేలి గాడి ఎవడికీ తోచదు.

ఆ ఇంటి కిటికీలు మరీ కింద ఉండేవి. ఇదేం వెర్రి అనుకున్నాను. మధ్యాహ్నం అన్నం తిని అక్కడే బండల మీద చతికిలబడితే నా కంటికి ఎదురుగా రోడ్డు కనబడింది. అప్పుడు అర్థమైంది. ఆ ఇంట్లో ఆడవాళ్లు నేల మీద కూర్చుని రోజంతా అల్లం మట్టి దులిపేవారు. వాళ్లు వంచిన తల ఎత్తితే చాలు, బయటి లోకం కనబడాలని ఆయన కిటికీ దించాడు. హైదరాబాద్‌లో చదివినవాడు మా ఆడవాళ్ల పక్కన నేల మీద కూర్చుని కొలుచుకొని ఉంటాడు. ఆ తర్వాత లేచి ఆ గోడను నేనే కొట్టాను. మాటిచ్చాను మరి.

రెండో ఇంటిని అన్నదమ్ములిద్దరు పంచుకోలేక నడిమికి కోయమన్నారు. గోడకు సుద్దతో నిలువు గీత గీసి, ఇటు సగం కూల్చు, అటు సగం ముట్టకు అన్నారు. మేం మెట్ల దాకా వచ్చేసరికి గీత జానెడు పక్కకు జరిగిందని ఇద్దరూ మా గడ్డపారలే ఎత్తుకొని ఒకరి మీదికొకరు ఉరికారు. ఒకడి భుజం చీలింది. నేను పెద్దవాణ్ణి గోడకు అదిమి పట్టుకుంటే, మా తమ్ముడు చిన్నవాడి నడుము పట్టుకొని కిందపడేశాడు. ఆ సగం ఇల్లు ఆ తర్వాత ఒక వానాకాలమంతా, తెగిన పక్క తెరుచుకొని, ఒక్క పగులు లేకుండా నిలబడింది. "ఇల్లు నిలబడ్డది అన్నా, మనుషులే నిలబడలే" అన్నాడు మా తమ్ముడు.

వాడు నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. నా వెంటే పనిలోకి వచ్చాడు. నేను కొట్టేవాణ్ణి, వాడు అడిగేవాడు. గీ సలాక ఇట్లెందుకు వంచిన్రు అన్నా? గీ గోడ వట్టిదా, బరువు మోస్తున్నదా? ఇంటివాళ్లను, పక్కింటివాళ్లను, చాయ్ బండి ముసలాయనను, ఎవరు దొరికితే వాళ్లను అడిగేవాడు. నాకు ఒళ్లు మండేది. అడిగితే తక్కువైపోతామని నా పిచ్చి. ఇన్నేళ్లుగా కొడుతున్నవాడు ఇంకొకణ్ణి అడగడమేమిటని.

ఆరేళ్ల కిందట మూడో ఇల్లు వచ్చింది. ముంబై రోడ్డు మీద చెరుకు రైతు కట్టించిన ఇల్లు. ఆయన ఎప్పుడో పోయాడు. ఆయన భార్య, ఎనభై దగ్గర పడ్డ అవ్వ, ఇల్లు తానే అమ్మింది. కొన్నవాళ్లు అక్కడ షోరూం కట్టుకుంటామన్నారు. "ఏడుస్తననుకుంటున్నవా? గింత పెద్దిల్లు ఊడ్చి ఊడ్చి నడుములు పోయినయి. కొట్టు" అంది నాతో. అవ్వ పుట్టిల్లు బీదర్ దిక్కు. మాటలో సగం కన్నడం, నోట్లో పళ్లు లేవు. ఆమె చెప్పేది మాకు సగమే అందేది. రోజూ పొద్దున కుర్చీ, గొడుగు మోయించుకొని వచ్చి ఎదురుగా కూర్చునేది. తన ఇల్లు కూలుతుంటే పెళ్లి చూసినట్టు చూసేది.

వచ్చినప్పుడల్లా ఒకటే మాట. "జాలి ఉంచుకొని కొట్టున్రి, కొడుకా. జాలి ఉంచుకొని కొట్టున్రి."

మావాళ్లు పడీ పడీ నవ్వేవారు. ముసలామెకు ఇంటి మీద ప్రేమ పోలేదు, పైకి బింకం అనుకున్నాం. "సమ్మెటకు జాలేంది అవ్వా? జాలి చూపిస్తే గోడ పడ్తదా?" అని నేను కూడా ఎగతాళి చేశాను. అవ్వ నుదురు కొట్టుకొని కన్నడంలో ఏదో అనేది. తిట్టే అయి ఉంటుంది.

ఆ ఇంటి వరండా చూసినవాళ్లెవరూ మరిచిపోరు. ఇరవై అడుగుల స్లాబు, కింద ఒక్క కంబం లేదు. ముందు మాత్రం ఆ చివర నుంచి ఈ చివరకు జాలి, ఆకు మీద ఆకు పేర్చిన అల్లిక. పొద్దుటి ఎండ దానిలోంచి దూరి వరండా నేల మీద పరుచుకుంటే అడుగు వేయబుద్ధి కాదు. మా తమ్ముడు చెప్పులు విడిచి నడిచేవాడు. మొదటి రెండు ఇళ్లలో ఇలాంటి స్లాబు వెనకగోడ లోపలి నుంచి చెయ్యి చాపినట్టు ముందుకు వచ్చింది. ఇక్కడా అంతే అనుకున్నాను. పైనుంచి కిందికి కొట్టుకురావడం మా పద్ధతి. కానీ ట్రాక్టరు లోపలికి రావాలంటే జాలి అడ్డం. మట్టి గుట్టలు పడిపోతున్నాయి, డ్రైవరు హారన్ కొడుతున్నాడు, అతనితో అప్పటికే ఒక గొడవ అయింది. ముందు జాలి పీకేయండి అన్నాను.

మా తమ్ముడు జాలి చిల్లుల్లో వేళ్లు పెట్టి నిలబడ్డాడు. "అన్నా, అవ్వ దినాం గదే మాట ఎందుకంటున్నది? ఒక్కసారి పోయి అడుగుదాం."

"అడిగేదేంది?"

"అడిగితే ఏం పోతది అన్నా?"

కొట్టాను. చెంప మీద, నా చేతిలో ఎంత బలం ఉందో అంతా పెట్టి, పద్నాలుగు మంది పనివాళ్ల ముందర. అప్పటికి వాడికి ఇద్దరు పిల్లలు. సిమెంటు దుమ్ము పట్టిన చెంప మీద నా ఐదు వేళ్లూ అచ్చు పడ్డాయి. ఎవడో నవ్వాడు. వాడు నా వైపు చూడలేదు. పోయి అన్నిటికంటే పెద్ద సమ్మెట ఎత్తుకొని వచ్చి జాలిని కొట్టడం మొదలుపెట్టాడు.

ఆ దెబ్బలు జాలికి కావు, నాకు. నాకు తెలుసు. తెలిసి ఊరుకున్నాను, కొట్టనీ అనుకున్నాను. ఆకులు పెచ్చులు పెచ్చులుగా ఎగిరాయి. మూల తెగింది. స్లాబు పడేముందు పెద్ద చప్పుడేమీ రాదు, ముందు ఇసుక రాలుతుంది. వాడి భుజం మీద ఇసుక రాలడం చూశాను. "ఒరేయ్! ఆపురా! ఇవతలికి రా!" అని అరిచాను. నా గొంతు తిట్టేటప్పుడు ఎలా ఉంటుందో అప్పుడూ అలాగే ఉంది. వాడు ఇంకా తిడుతున్నాననుకున్నాడు. పళ్లు బిగించి ఇంకొక దెబ్బ వేశాడు.

స్లాబు ఒక పక్కకు వంగి పడింది. దుమ్ము అణిగేసరికి వాడి కుడికాలు దాని కింద ఉంది. జేసీబీ వచ్చి ఎత్తేదాకా వాడు అరవలేదు, నేలను గోళ్లతో గీకాడు. నేను స్లాబును చేతులతో ఎత్తబోయాను. నా రెండు గోళ్లు ఊడిపోయాయి, స్లాబు వెంట్రుకవాసి కదల్లేదు. మొదటి ఇంట్లో సమ్మెటకు పగలకుండా మోగిన స్లాబు లాంటిదే అది. నక్షా సాబ్ పోయించిన స్లాబు.

వాణ్ణి అంబులెన్స్ ఎక్కించాక నేను ఏం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. రోడ్డు దాటి అవ్వ మీదికి పోయాను. ఆమె గొడుగు లాక్కొని మోకాలికి వేసి విరిచాను. "నీకు తెలుసు గదా, సక్కగ ఎందుకు చెప్పలేదే!" అని ముసలామె మొహం మీద అరిచాను.

అవ్వ భయపడలేదు. ఆమె కూడా నా మీదికే అరిచింది. "ఎన్నిసార్లు చెప్పాలెరా? జాలి ఉంచున్రి, జాలి ఉంచున్రి అని నా గొంతు పోయింది. గా జాలిలనే ఉన్నయిరా కంబాలు! నువ్వు నవ్వినవ్."

అప్పుడు అర్థమైంది నాకు. దయ గురించి కాదు ఆమె మొత్తుకున్నది. సిమెంటు జాలి గురించి.

విరిగిన గొడుగు నా చేతిలోంచి లాక్కొని, రోడ్డు పక్కనే నిలబడి అవ్వ నాకు ఆ జాలి కథ చెప్పింది. ఆమె అప్పుడు కొత్త కోడలు. వరండా నడుమ కంబాలు వద్దన్నాడట ఆమె భర్త. "రోడ్డు మీదినుంచి చూస్తే జాలి ఒక్క తీరుగ అందరికి కండ్లబడాలె, నడుమ కంబముంటే ఎట్ల అన్నడు. మరి స్లాబు నీ నెత్తి మీద నిలబడ్తదా అన్నడు నక్షా సాబ్. మా ఆయన చెంప మీద కొట్టిండు. ఆయనేం తక్కువనా? తిరిగి కొట్టిండు. ఇద్దరు తడి సిమెంటుల పడి పొర్లిన్రు. నేను చాయ్ పట్టుకొని నిలబడ్డ." మూడో రోజు నక్షా సాబ్ మళ్లీ బస్సు దిగాడట, కొత్త కాగితంతో. జాలి ఆకుల నడుమ నాలుగు చోట్ల సలాకలు దాచి, సన్నటి కంబాలను అల్లికలో కలిపేశాడు. "కంబం నీకు కనబడదు, స్లాబుకు కనబడ్తది అన్నడు. కొట్టుకున్నంకనే ఒకని మాట ఒకడు విన్నడు. గంతకుముందు ఇద్దరు చెవిటోళ్లే."

హైదరాబాద్ దవాఖానలో వాడి కాలు మోకాలి పైదాకా తీసేశారు. తెలివి వచ్చాక నేను మంచం దగ్గరికి వెళ్తే వాడు మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. నాలుగు రోజులు వెళ్లాను, నాలుగు రోజులూ గోడే చూశాడు. అవ్వ కారు మాట్లాడుకొని అంత దూరం వచ్చి వాడి పక్కన కూర్చుంది. నక్షా సాబ్ మా ఊళ్లో పని ఉన్నన్ని నాళ్లు ఆమె ఇంట్లోనే దిగేవాడట, వెళ్తూ వెళ్తూ తన నక్షాల చుట్ట అక్కడే వదిలేశాడట. నాలుగు ఇళ్లవీ అందులోనే ఉన్నాయి. అవ్వ ఆ చుట్టను మా తమ్ముడి ఒళ్లో పెట్టింది. "నువ్వు అడుగుతా అన్నవట గద, తీస్కో" అంది. తలుపు దగ్గర నిలబడ్డ నన్ను చూసీ చూడనట్టు వెళ్లిపోయింది. మరుసటేడు ఆమె పోయింది.

దవాఖాన నుంచి మా తమ్ముడు ఇంటికి రాలేదు. న్యాల్‌కల్ వైపు అత్తగారి ఊరికి వెళ్లిపోయాడు. రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకొని, కూర్చునే చేసే పని ఒకటి వెతుక్కున్నాడు. సిమెంటు జాలి పోతపోస్తాడు. ఇప్పుడు మళ్లీ జాలి మోజు వచ్చింది. హైదరాబాద్ నుంచి కుర్రాళ్లు ఫోన్లు పట్టుకొని వచ్చి పాత డబ్బా ఇండ్ల ఫోటోలు తీసుకుపోతున్నారు, ఫామ్‌హౌసులకు అలాంటి జాలే కావాలంటున్నారు. ఒకడు నన్నే అడిగాడు, ఈ ఇళ్లలో గొప్పేమిటి అంకుల్ అని. పగలగొట్టి చూడు తెలుస్తది అన్నాను. నవ్వాడు. నేను నవ్వలేదు.

ఆరేళ్లు మా ఇద్దరి మధ్య మాట లేదు. అమ్మ పోయినప్పుడు వాడు వచ్చాడు, చంకకట్టె పట్టుకొని దూరంగా నిలబడ్డాడు, వెళ్లిపోయాడు. నేను మాత్రం పనివాళ్లకు పొద్దున్నే చెప్పే మొదటి మాట మార్చేశాను. జాలి ఉన్న ఇల్లు ఏదైనా సరే, "జాలి ఉంచుకొని కొట్టున్రి" అనేవాణ్ణి. అదే నేను నేర్చుకున్న పాఠం అనుకున్నాను.

ఈ ఎండాకాలం నాలుగో ఇల్లు వచ్చింది. పాత బజారు వెనక సందులో, దుకాణదారు ఇల్లు. కోపం వచ్చే అందం దానిది. గుండ్రటి కిటికీ, దాని పక్కన మామూలు గోడ ఒకటి, ఆ పక్కనుంచి మొదలై మూల తిరిగిపోయే జాలి. పైన స్లాబు రెండు వైపులా రెక్కల్లా చాచుకొని ఉంది. ఇంటాయన మంచివాడే గాని తొందరమనిషి. నేను కాకపోతే జేసీబీవాణ్ణి పిలుస్తాను, ఒక్క పూటలో అయిపోతుంది అన్నాడు. ఆ జేసీబీ డ్రైవరు ఎవరో నాకు తెలుసు. స్లాబు కింద దూరి మరీ బకెట్ ఎత్తేరకం. నేను ఒప్పుకున్నాను. ఒప్పుకొని ఇంటి చుట్టూ రెండుసార్లు తిరిగాను. స్లాబు బరువు ఎక్కడ దిగుతోందో నాకు కనబడలేదు. మళ్లీ ఒకడి కాలు పోతుందేమో, ఈసారి ప్రాణమే పోతుందేమో అని రెండు రోజులు ముద్ద దిగలేదు.

తెలిసినవాడు ఒక్కడే. షెడ్డుకు వెళ్లాను.

మొదటిసారి వెళ్తే వాడు తల ఎత్తలేదు. అచ్చులో సిమెంటు నింపడం, చెక్కతో సాపు చేయడం, పక్కన పెట్టడం. మరదలు మంచినీళ్లు తెచ్చిచ్చింది. తాగి వచ్చేశాను. రెండోసారి నిలబడే చెప్పాను: "నాలుగో ఇల్లురా. నాకు తెలుస్తలేదు." వాడు అచ్చు తిప్పాడు, అంతే. నాకు పాత కోపం లేచింది. ఎదురుగా ఆరబెట్టిన జాలి పలకల వరసను ఒక్క తన్ను తన్నాలనిపించింది. కాలు ఎత్తాను కూడా. పైకి మడిచి పిన్ను పెట్టిన వాడి ఖాళీ ప్యాంటు కాలు కనబడి దించాను.

మూడోసారి వెళ్లి, "ఎల్లుండి పొద్దుగాల మొదలు పెడ్తున్న. జాలిని ముట్టను, ఫికర్ చెయ్యకు. పక్కన వట్టి గోడ ఉంది గద, గుండు కిటికీది, దాన్ని పడగొట్టి ట్రాక్టరు లోపలికి తెస్త" అన్నాను. వాడి చెయ్యి అచ్చు మీద ఆగిపోయింది. నేను మారానని వాడి మనసు కరిగింది అనుకున్నాను. వాడు మళ్లీ పనిలో పడ్డాడు. ఇంటికి వచ్చి ఏడ్చాను.

చెప్పిన రోజు పొద్దున పన్నెండు మంది పనివాళ్లు వచ్చారు. "జాలి ఉంచుకొని కొట్టున్రి" అని నా మంత్రం చెప్పి, మామూలు గోడ మీద గీత పెట్టాను. మొదటివాడు సమ్మెట ఎత్తబోతుంటే సందులోకి ట్రాలీ ఆటో వచ్చింది. వెనక, సిమెంటు బస్తాల మధ్య, మా తమ్ముడు. చంకలో నీలం కాగితాల చుట్ట.

దిగడానికి చెయ్యి ఇవ్వబోయాను. పట్టుకోలేదు. కట్టె ఆనించుకుంటూ వచ్చి, ఇంటాయన వేసిన కుర్చీలో కూర్చున్నాడు. సమ్మెట ఎత్తినవాడి వైపు చూసి దించు అన్నట్టు చెయ్యి ఊపాడు. వాడు దించాడు. తర్వాత మా తమ్ముడు నా వైపు చూశాడు, ఆరేళ్ల తర్వాత మొదటిసారి. వేలితో దగ్గరికి రమ్మన్నాడు. నక్షాలో ఏదో చూపిస్తాడని వెళ్లాను. ఇంకా దగ్గరికి అన్నాడు వేలితో. వంగాను.

కొట్టాడు. ఆరేళ్లుగా కూర్చుని సిమెంటు కలిపిన చెయ్యి అది. నా తల పక్కకు తిరిగిపోయింది, కుర్చీ అంచు పట్టుకొని నిలదొక్కుకున్నాను, నోట్లో నెత్తురు ఉప్పగా తగిలింది. పన్నెండు మంది చూస్తున్నారు. ఎవడూ నవ్వలేదు. నా చెయ్యి లేచింది. అదెప్పుడూ ముందే లేస్తుంది. వాడు దాన్ని చూస్తూ కూర్చున్నాడు, తల పక్కకు తిప్పలేదు. చెయ్యి దించాను.

"ఇప్పుడు అడుగు" అన్నాడు.

పాతికేళ్లుగా నా నోటికి రాని మాట. "ఇనుము ఏడ ఉందిరా తమ్మీ?"

వాడు నక్షా విప్పాడు. ఒక కొస నేను పట్టుకున్నాను. "జాలిల ఏం లేదు. గది వట్టిదే, ఎండ కోసమే పెట్టిండు. బరువంత నువ్వు గీత పెట్టిన గోడల దిగుతున్నది. గీ గోడ కొడితే స్లాబు రెండు దిక్కుల నుంచి ఒక్కసారే కూలుతుండె. పన్నెండు మంది కింద ఉంటుండ్రి." నక్షా మీద వేలు పెట్టి అన్నాడు: "నక్షా సాబ్ ఒక ఇంట్ల చేసింది ఇంకో ఇంట్ల చెయ్యలే అన్నా. ప్రతి ఇంటికి మళ్ల కొత్తగ అడగాలె."

గోడ మీద నేను పెట్టిన గీతను నా అరచేత్తోనే తుడిచేశాను. వాడు కుర్చీలోంచే చెప్పాడు, ఎక్కడెక్కడ జాకీలు నిలబెట్టాలో, స్లాబు ఏ కొస నుంచి తీయాలో, జాలిని పగలకుండా ఎలా విప్పాలో. ఎడమ చెవిలో హోరు సాయంత్రం దాకా తగ్గలేదు. కుడి చెవి వాడి వైపు తిప్పి, ఒక్కొక్కటీ అడుగుతూ నిలబడ్డాను.